నడిమి రాయి లెక్క

మే నెలలో ఒక ఆదివారం పొద్దున డ్రైవర్ మామ ఆర్మూరులోని మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చొని, చాయ తాగి, గ్లాసు కింద పెట్టిన తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"కోడలా, మీ నడిమి రాయి తొవ్వ తప్పింది."

ఆయన మాకు చుట్టం కాదు. ఏర్గట్ల శివారులో మా ఎకరంన్నర పసుపు చేనుకు ఆనుకొని ఆయన చేను ఉంది. ఊరి వరస ప్రకారం మా ఆయనకు చిన్నాయన, నాకు మామ, మా అత్తమ్మకు మరిది. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పటికీ కుర్చీలో కూర్చుంటే రెండు చేతులూ ముందుకు పెట్టుకొనే కూర్చుంటాడు.

ఆయన చేను, మా చేను కలిసే చోట ఒక గెట్టు ఉంది. ఆ గెట్టు మీద మూడు రాళ్లు: ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, నడుమ ఒకటి. మొన్న తన చేను దున్నించినప్పుడు ట్రాక్టరు సాలు సీదాగా పోలేదనీ, నడిమి రాయి దగ్గర గెట్టు కడుపొచ్చినట్టు తన దిక్కు ఉబ్బి ఉందనీ ఆయన ఫిర్యాదు.

వంటింట్లోంచి అత్తమ్మ బయటికి వచ్చింది. చేతిలో గరిటె ఉంది.

"గా రాయి పాతింది మీ అన్న. ఆయన పోయి తొమ్మిదేండ్లాయె. ఇప్పుడు యాదికొచ్చిందా నీకు?"

"వదినె, ముప్పై ఏండ్లు స్టీరింగు పట్టిన. సీదా ఏదో వంకర ఏదో నాకు తెల్వదా?"

"బాల్కొండ కాడ బస్సును మోరీల దించినవు గదా."

"గదొక్కసారే. గదిగూడ బర్రె అడ్డమొచ్చింది."

ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఆ బర్రె గురించి మాట్లాడుకున్నారు. మామ వెళ్లేటప్పుడు, సర్వే పెట్టిస్తానని చెప్పి వెళ్లాడు. దరఖాస్తు పెట్టాడు కూడా. కాని అందరి చేలూ ఖాళీగా ఉండేది ఎండాకాలంలోనే కాబట్టి అందరూ అప్పుడే సర్వే పెట్టిస్తారు. మా వంతు వచ్చేసరికి వానలు పడతాయని తెలిసింది. వానలు పడితే పసుపు పెట్టాలి. పసుపు పెడితే మళ్లీ తొమ్మిది నెలల దాకా ఆ చేలో ఎవరూ ఏమీ కొలవలేరు.

మా ఆయనకు ఆర్మూరులో మోటార్లు రిపేరు చేసే దుకాణం ఉంది. గొడవలంటే ఆయనకు సరిపడదు. "తాడు పట్టి చూద్దాం, అయిపోతది" అన్నాడు. ఒకరోజు ఆయన, మామ కలిసి నైలాన్ తాడు పట్టారు. గెట్టు నడుమ బోరు వేసినప్పుడు తీసిన రాళ్ల దిబ్బ, దాని మీద సర్కారు తుమ్మ పొదలు, పక్కనే మా మామగారు, అంటే అత్తమ్మ భర్త, పెట్టిన నాలుగు టేకు చెట్లు ఉన్నాయి. ఒక చివర రాయి దగ్గర నిలబడితే రెండో చివర రాయి కనిపించదు. తాడు తుమ్మ ముళ్లకు చిక్కుకుంది. దాన్ని మామ తనకు నచ్చిన దిక్కుకు లాగాడు, మా ఆయన మర్యాద కొద్దీ లాగనిచ్చాడు. ఇంటికొచ్చి అది చెప్తే అత్తమ్మ ఆయనకు ఆ పూట పెరుగు వెయ్యలేదు.

రెండు రోజుల తర్వాత మామ మళ్లీ వచ్చాడు. ఊరి పెద్దమనుషుల్లో కూర్చొని మాట్లాడుకుందామన్నాడు. నేను వరండాలో చింతపండు గింజలు తీస్తున్నాను. అత్తమ్మ నా దిక్కు చూసి, మామ దిక్కు తిరిగింది.

"పెద్దమనుషులెందుకు? మా కోడలు లెక్కల టీచరు. ఆమెనే తీస్తది."

నేను గింజ ఒకటి కింద పడేశాను. మామ ఒప్పుకోడనుకున్నాను. ఆయన కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరే తియ్యి, కోడలా. లెక్కకు చుట్టరికం ఉండదు."

నేను ఆర్మూరులో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్తాను. "ఈ బిందువు ఈ సరళరేఖపై ఉన్నదో లేదో సరిచూడండి" అనే ప్రశ్న పద్దెనిమిదేళ్లుగా చెప్తున్నాను. బిందువుకు రెండు అంకెలుంటాయి: అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం అని. మొదటిది ఎక్స్, రెండోది వై. రేఖ సమీకరణంలో ఎక్స్ ఉన్నచోట మొదటి అంకె, వై ఉన్నచోట రెండో అంకె వెయ్యాలి. ఎడమ వైపు, కుడి వైపు సమానమైతే బిందువు రేఖపై ఉన్నట్టు. కాకపోతే లేనట్టు. అది రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కులు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. భూమి పోగొట్టుకున్నవాళ్లను అప్పటిదాకా చూడలేదు.

మా బడి పీఈటీ సార్ దగ్గర లాంగ్ జంప్ కొలిచే యాభై మీటర్ల టేపు ఉంటుంది. సెలవులు గనక ఆయన ఇంటికి వెళ్లి అడిగాను.

"ఎవరు దుంకుతున్నరు మేడం?" అన్నాడు.

"మా అత్తమ్మ" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా ఇచ్చాడు.

మర్నాడు ఎండ ముదరకముందే నలుగురం చేలోకి దిగాం: నేను, మా ఆయన, మామ, అత్తమ్మ. అత్తమ్మ గొడుగు తెచ్చుకుంది. నేను రెండొందల పేజీల నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకున్నాను. మా చేనుకు గెట్టుకు ఎదురు అంచున సిమెంటు పిల్లకాలువ ఒకటి ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సీదాగా ఉంటుంది. దాన్ని ఎక్స్ అక్షం అనుకున్నాను. కాలువ వెంట ఎంత దూరం నడిచామో అది ఎక్స్. కాలువ నుంచి చేను మీదుగా గెట్టు రాయికి ఎంత దూరమో అది వై. అటు దిక్కు చేను ఖాళీగా ఉంది, దిబ్బ లేదు, ముళ్లు లేవు. తాడు పట్టాల్సిన అవసరమే లేదు.

ఈ మాట చెప్తే మామకు నచ్చింది. "అంటే ట్రాఫిక్ జామైతే బైపాస్ కెళ్లి పోయినట్టు" అన్నాడు. అత్తమ్మ మాత్రం, "గెట్టు కొలువుమంటే కాల్వ కొలుస్తవేందే?" అంది.

టేపు ఒక కొసను మా ఆయన రాయి మీద పట్టుకున్నాడు. రెండో కొసను మామ కాలువ గట్టు వెంట అటూ ఇటూ జరిపాడు. అన్నిటికన్నా తక్కువ అంకె ఎక్కడ వస్తే అక్కడ టేపు కాలువకు నిలువుగా ఉన్నట్టు. మామ ఆ పనిని బస్సును ప్లాట్‌ఫారానికి పెడుతున్నంత శ్రద్ధగా చేశాడు. ఇంచులు కూడా ఉన్నాయి గాని వాటిని లెక్కలో వదిలేశాను. మొదటి రాయి: ఎక్స్ సున్నా, వై తొంభై అడుగులు. ఆ చివరి రాయి: ఎక్స్ ఆరువందలు, వై నూట నలభై. అంటే ఆరువందల అడుగులు నడిస్తే గెట్టు కాలువకు యాభై అడుగులు దూరం జరుగుతుంది. పన్నెండు అడుగులకు ఒక అడుగు.

కాలువ గట్టు మీద కూర్చొని సమీకరణం రాశాను. ఎక్స్, మైనస్ పన్నెండు వై, ప్లస్ వెయ్యీ ఎనభై, ఈజ్ ఈక్వల్ టు సున్నా.

అత్తమ్మ గొడుగు నా మీదికి వంచి నోటుబుక్కులోకి చూసింది. ఆమె చదువుకోలేదు. అయినా ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది, కట్టలో ఒక్క బీడీ తక్కువైతే చేతితో పట్టుకొని చెప్పగలదు.

"గిదేంది?"

"గిదే మన గెట్టు, అత్తమ్మా."

"గింతేనా?" అంది. ఆ ఒక్క వరుసలో రెండు చివరి రాళ్ల మధ్యనున్న గెట్టంతా ఉంటుందని ఆమెకు చెప్పాను. ఆమె ఇంకోసారి చూసి గొడుగు వెనక్కి తీసుకుంది.

తర్వాత నడిమి రాయి కొలిచాం. ఎక్స్ రెండొందల నలభై. వై నూట పదమూడు. మా ఆయన గట్టిగా చదివి వినిపించాడు. నేను రాసుకొని, ఎక్స్ ఉన్నచోట రెండొందల నలభై, వై ఉన్నచోట నూట పదమూడు వేశాను. సున్నా రావాలి. మైనస్ ముప్పైఆరు వచ్చింది.

మళ్లీ చేశాను. మళ్లీ మైనస్ ముప్పైఆరే వచ్చింది.

ఆ రాయి రేఖ మీద ఉండాలంటే వై నూట పది ఉండాలి. నూట పదమూడు ఉంది. అంటే రాయి కాలువకు మూడడుగులు ఎక్కువ దూరంలో ఉంది. కాలువ మా దిక్కు. కాబట్టి రాయి మామ చేలో ఉంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నోటుబుక్కు నా ఒక్కదాని ఒళ్లోనే ఉంది. మా ఆయనకు, మామకు అంకెలు తెలుసు గాని అవి ఎక్కడ వెయ్యాలో తెలియదు. సున్నా వచ్చిందంటే అక్కడ కాదనేవాళ్లు లేరు. పెన్సిలు మొన విరగకపోయినా చెక్కుకున్నాను. చెక్కినంతసేపు ఆ ఆలోచనలోనే ఉన్నాను. మరో నెలలో బడి తెరుస్తారు, నేను నల్లబల్ల ముందు నిలబడి ఇదే లెక్క చెప్పాలి, అప్పుడు నా చెయ్యి ఎట్లా తిరుగుతుంది అనుకున్నాను. గొప్ప నీతిగల ఆలోచన కాదు. ఉద్యోగం గురించిన భయం.

"రాయి గెట్టు మీద లేదు" అన్నాను. "మైనస్ ముప్పైఆరు వచ్చింది."

"ముప్పైఆరు ఫీట్లా!" మామ లేచి నిలబడ్డాడు. "నేను ఒకటో రెండో అనుకున్న. ముప్పైఆరు ఫీట్లు తిన్నరా, వదినె!"

"మైనస్ అన్నది గదా, డ్రైవర్ సాబ్! మైనస్ అంటే మాకే తక్కువొచ్చింది!" అంది అత్తమ్మ. కోపమొస్తే మరిది డ్రైవర్ సాబ్ అవుతాడు.

వాళ్లిద్దరినీ కూర్చోబెట్టడానికి చాలాసేపు పట్టింది. ముప్పైఆరు అడుగులు కాదనీ, దాన్ని పన్నెండుతో భాగిస్తే మూడు అడుగులనీ మామకు చెప్పాను. ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. మైనస్ అంటే గెట్టుకు అటు దిక్కనీ, ప్లస్ అంటే ఇటు దిక్కనీ అత్తమ్మకు చెప్పాను. ఆమె ముఖం పూర్తిగా చిన్నబోయింది.

"జర మంచిగ చూడు బిడ్డా."

మంచిగ చూశాం. మళ్లీ టేపు పట్టాం. మళ్లీ నూట పదమూడే. కాలువే వంకరేమో అంది అత్తమ్మ. ఈ చివర మేం వంగి కాలువను ఆ చివరి దాకా చూశాం, సీదాగానే ఉంది. టేపు సాగిందేమో అంది. చివరికి ఇంకో మాట అంది.

"నడిమిదే తప్పని నీకెవలు చెప్పిండ్రు? గా కొసకున్న రాయే జరిగిందేమో. అప్పుడు నడిమిది మంచిగనే ఉన్నట్టు గదా?"

నేను పెన్సిలు కింద పెట్టాను. పద్దెనిమిదేళ్లలో ఒక్క విద్యార్థి కూడా ఆ ప్రశ్న అడగలేదు. ఏ రెండు రాళ్లు తీసుకున్నా వాటి మీదుగా ఒక సరళరేఖ పోతుంది. మూడోది దాని మీద లేకపోతే, మూడింటిలో ఒకటి తప్పని తెలుస్తుంది. ఏదన్నది తెలియదు. పాఠ్యపుస్తకంలో సమీకరణం ముందే ఇచ్చేస్తారు గనక అక్కడ ఈ బాధ లేదు. ఇక్కడ సమీకరణం నేను రాశాను, చివరి రాళ్లను నమ్మి రాశాను.

"అత్తమ్మ చెప్పింది కరెక్టే, మామా. ఏ రాయి జరిగిందో లెక్క చెప్పదు."

మా అత్తమ్మ నా పెళ్లయిన తర్వాత మొదటిసారి నా దిక్కు గర్వంగా చూసింది.

మామ ఆ చివరికి నడిచాడు. మేమూ వెనక నడిచాం. చివరి రాయి మీది మట్టి చేత్తో తుడిచాడు. చెక్కిన రాయి, నెత్తిన గుర్తు గీసి ఉంది. పాత సర్వే రాయి. తర్వాత ఆరువందల అడుగులు వెనక్కి నడిచి మొదటి రాయి తుడిచాడు. అదీ అట్లాగే ఉంది. రెండూ పాతిన చోట గట్టిగా నాటుకొని ఉన్నాయి, కదిపినా కదలలేదు. ఆ తర్వాత నడిమి రాయి దగ్గరికి వచ్చాడు. అది ఊరి గుట్ట మీద దొరికే మామూలు రాయి. గుర్తు లేదు, చెక్కడం లేదు.

"గిది ఎప్పటిది, వదినె?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

అత్తమ్మ గొడుగు మూసి, నడిమి రాయి పక్కన కూర్చుంది. మేం నిలబడే ఉన్నాం. అప్పుడు చెప్పింది.

"పాత రాయిని బోరు బండి గుద్దింది. ముక్కలాయె. పెద్దోడు అప్పుడు నా కడుపుల ఉండె." పెద్దోడంటే మా ఆయన. "మర్నాడు మీ అన్న గుట్ట మీదికెల్లి గీ రాయి తెచ్చిండు. గడ్డపారతోని గుంత తవ్వుకుంట, ఇక్కడనా అని అడిగిండు. నేను గా దిబ్బ మీద కూసున్న. టేకు మొక్కలు తెచ్చి పెట్టుకున్నం, వాటికి జాగ కావాలె. జర అటు జరుపు అన్న. జరిపిండు."

"ఎంత జరిపిండు?" అని మా ఆయన అడిగాడు.

"జరంత."

జర అంటే మూడడుగులని నాకు అప్పుడు తెలిసింది.

మామ నవ్వుతాడనుకున్నాను, లేదా అరుస్తాడనుకున్నాను. ఆయన తువ్వాలతో మెడ తుడుచుకొని, తన చేను దిక్కు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నన్ను అడిగాడు, మొత్తం ఎంత భూమి అవుతుందని. రెండు చివరల దగ్గర తేడా ఏమీ లేదు, నడుమ మూడడుగులు. పొడుగు ఆరువందలు. అది సన్నటి త్రిభుజం. తొమ్మిదివందల చదరపు అడుగులు. ఎకరంలో నలభయ్యో వంతైన గుంట కంటే తక్కువ.

"గుంట గూడ లేదా?" అన్నాడు. "గుంట గూడ లేనిదానికి నా సాలు వంకర పోయిందా ఇన్నేండ్లు!"

ఆయన బాధ భూమి గురించి కాదని, సాలు గురించని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక మిగిలింది టేకు చెట్లు. గెట్టు జరిగితే అవి ఎవరివి అన్నది తేల్చాలి. నాలుగింటికీ టేపు పట్టాం. ఒక్కో చెట్టు మొదలును ఒక బిందువు అనుకొని సమీకరణంలో వేశాను. మొదటి చెట్టుకు ప్లస్ పన్నెండు: మాది. రెండోదానికీ ప్లస్ పన్నెండు: మాది. నాలుగోదానికి మైనస్ ఇరవైనాలుగు: మామది. మూడో చెట్టు ఎక్స్ రెండొందల పదహారు, వై నూట ఎనిమిది. సున్నా వచ్చింది. ఆ రోజు పొద్దుటి నుంచి అందరం ఎదురుచూసిన సున్నా, చెట్టుకు వచ్చింది.

"సున్నా అంటే ఎవలది?" అన్నాడు మామ.

"గెట్టుది" అన్నాను.

"అయితే ఎవలూ కొయ్యొద్దు" అంది అత్తమ్మ, కింద కూర్చొనే. మామ సరేనన్నాడు. నాలుగో చెట్టు కూడా కొయ్యనని, దాన్ని పెట్టింది అన్నగదా అని చెప్పాడు.

గురువారం నాడు మా ఆయన, మామ కలిసి గడ్డపారలతో నడిమి రాయిని తవ్వి తీసి, మూడడుగులు ఇటు పాతారు. నేను నూట పది అడుగుల దగ్గర టేపు పట్టుకున్నాను. అత్తమ్మ రాలేదు. మోకాళ్లు నొప్పులన్నది. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది అనలేను. మాట్లాడింది, మా ఆయన మీదుగా. నేను పక్కనే ఉండగా, "మీ టీచరమ్మను అన్నం తినుమను" అనేది. మా ఆయన నా దిక్కు తిరిగి, "అన్నం తినుమంటుంది" అనేవాడు. నేను తినేదాన్ని. జూన్ అంతా అట్లాగే గడిచింది.

పీఈటీ సార్‌కు టేపు తిరిగి ఇస్తే, మట్టి ఎందుకైందని అడిగాడు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ ఇచ్చాను.

ఊళ్లో ఈ సంగతి తెలిసి మరో ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. ఒకాయన ముప్కాల్ నుంచి, వాళ్ల తమ్ముడి గెట్టు గురించి. నాకు సెలవులు అయిపోయాయని చెప్పి పంపించాను. రెండో ఆవిడకు కూడా అదే చెప్పాను. నిజానికి అంకెలు నేను తియ్యగలను గాని, రాయి పక్కన కూర్చొని ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ప్రతి చేలో ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

వానలు వెనుకబడ్డ ఏడాది అది. ఆలస్యంగా పసుపు పెట్టడానికి కొంచెం ముందే సర్వేయర్ రానే వచ్చాడు, మూడు కాళ్ల పరికరంతో. మధ్యాహ్నం దాకా కొలిచి, నడిమి రాయి నాలుగు ఇంచులు తేడా ఉందని చెప్పాడు. ఏ దిక్కు అని అత్తమ్మ అడిగింది. గెట్టు ఇంకా నాలుగు ఇంచులు మామ దిక్కుకు ఉండాలట. అంటే నేను లెక్కలో వదిలేశానని చెప్పిన ఇంచులు మావే.

అత్తమ్మ మెల్లగా నా దిక్కు తిరిగింది. నెల రోజుల తర్వాత మొదటిసారి నేరుగా నాతో మాట్లాడింది.

"నాలుగు ఇంచులు పోగొట్టినవు."

"అవును అత్తమ్మా."

"పోనియ్యి తియ్యి. మళ్ల ఎవలు తవ్వుతరు?" అని, సర్వేయర్‌కు మజ్జిగ కలపడానికి ఉప్పు ఎక్కడ పెట్టానని నన్నే అడిగింది. సంచిలో ఉందని చెప్పాను. మామ తన చేలోంచి కేకేశాడు, తనకు కూడా ఒక గ్లాసు కలపమని. ఆమె నాలుగు గ్లాసులు కలిపింది, పెద్దది ఆయనకిచ్చింది.